డన్‌కర్క్ పడవ మీద అప్పిచ్చినవాళ్లు

తన డబ్బు పోయిందన్న దిగులు డెస్మండ్ థర్కెటిల్‌కి ఆ ఏడాది క్రిస్మస్ దాకా కూడా నిలవలేదు. మనిషి సహజంగా తేలిక రకం. జీవితమంతా విత్తనాల కొట్టు నడిపినవాడు, మొలవని గింజల గురించి ఏడుస్తూ కూర్చోవడం అతనికి చేతకాదు. చర్చిలో తనతో పాటు గంటలు మోగించే సిరిల్ ప్లంబ్లీ డబ్బు కూడా తన మూలంగానే పోయిందేమోనన్న అనుమానం మాత్రం రెండేళ్లయినా వదల్లేదు. రాత్రి పడుకోబోతే వచ్చేది. పొద్దున్నే టీ కాచుకుంటుంటే వచ్చేది. మంగళవారం వచ్చిందంటే చాలు, మనిషిని పట్టుకుని కుదిపేసేది.

డబ్బు పోయిన తీరు అందరికీ తెలిసిన తీరే. బ్యాంకులు వడ్డీ పేరిట చిల్లర విదిలిస్తున్న రోజుల్లో ఒక వెబ్‌సైటు వెలిసింది. మామూలు జనం తలా కొంత వేసి అందులో అప్పులిస్తారు. తీసుకునేవాడు తన పడవో, పాతకాలపు కారో, గోడమీది చిత్రమో తాకట్టు పెడతాడు. నూటికి పన్నెండు వడ్డీ. వాడు ఎగ్గొడితే వస్తువు అమ్మి మన డబ్బు మనకిచ్చేస్తారు. వస్తువంటూ ఒకటి ఉన్నాక ఇంక భయమేముంది అనుకున్నాడు డెస్మండ్. పైగా అతను మనసు పడ్డది అల్లాటప్పా వస్తువు కాదు. 'మార్గరీటా రోజ్' అనే చెక్క మోటారు పడవ. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రానికి అవతల డన్‌కర్క్ ఒడ్డున చిక్కుకుపోయిన సైనికుల్ని ఇవతలికి చేర్చిన చిన్న పడవల్లో ఇదీ ఒకటని దానికి ఇత్తడి పలక కూడా బిగించి ఉంది. డెస్మండ్ మేనమామ అలాంటి ఏదో పడవలోనే ప్రాణాలతో ఇంటికొచ్చి, పెళ్లి చేసుకుని, ఎనభై ఏళ్లు బతికాడు. ఇంకేం, ఆ ఫొటో చూడగానే మనవాడి గుండె కరిగింది, బుర్ర సెలవు పెట్టింది. నాలుగైదు విడతలుగా పద్ధెనిమిది వేల పౌండ్లు ఆ ఒక్క పడవ మీదే పోశాడు. భార్య హిలరీ కొత్త వంటింటి కోసం కూడబెట్టిందంతా అందులోనే ఉంది.

అప్పు తీసుకున్న పెద్దమనిషి స్పెయిన్‌లో తేలాడు. వెబ్‌సైటు మూతపడింది. లెక్కలు తేల్చడానికి దిగినవాళ్లు ముందుగా తమ ఫీజులు తేల్చుకున్నారు. ఆనక ఎవరో ఆరా తీస్తే, మార్గరీటా రోజ్ అనే ఆ పడవ యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకి తయారైందని బయటపడింది. పాపం ఆ ఇత్తడి పలక ఒక్కటే కొత్తదిలా మెరుస్తూ ఉండేది. దాన్ని చూసైనా అనుమానించాల్సింది.

హిలరీ వారం రోజులు అరిచింది. బడి క్యాంటీన్లో ఆరొందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతు అది, వీధి చివరి దాకా వినపడింది. వారం తర్వాత ఊడిపోతున్న అల్మారా తలుపుకి తాడు కట్టి, "ఇదిగో, ఇది నీ డన్‌కర్క్" అని చెప్పి ఆ సంగతి వదిలేసింది. ఆమె కోపం అలాంటిది. వస్తుంది, పనంతా చేసి వెళ్లిపోతుంది.

సిరిల్ సంగతి అలా వెళ్లేది కాదు. ఆ వెబ్‌సైటు గురించి అతనికి చెప్పింది డెస్మండే. చర్చి గంటల గదిలో, తాళ్లు పైకి చుట్టి కట్టేస్తున్నప్పుడు, కొట్లో కొత్త రకం బీన్స్ గురించి చెప్పినంత ఉత్సాహంగా చెప్పాడు. కొత్త మనిషిని చేర్పించి, ఆ మనిషి డబ్బు పెడితే, చేర్పించినవాళ్లకి యాభై పౌండ్లు బహుమతి. చెప్పిన పది రోజులకి డెస్మండ్ ఖాతాలో యాభై పౌండ్లు పడ్డాయి. అంటే సిరిల్ చేరాడు, డబ్బు పెట్టాడు. ఎంత పెట్టాడో తెలీదు. సిరిల్ చెప్పలేదు. వెబ్‌సైటు మునిగాక కూడా చెప్పలేదు. డెస్మండ్ ఆ యాభై పౌండ్లు తీసుకెళ్లి చర్చి హుండీలో పడేసి వచ్చాడు. దేవుడు పుచ్చుకున్నట్టే ఉన్నాడు గానీ మనశ్శాంతి మాత్రం బదులివ్వలేదు.

"అడగచ్చు కదా," అనేది హిలరీ.

"ఏమని అడగను?"

"ఎంత పెట్టావు, ఎంత పోయింది అని. నోరు తెరవడానికి నీకు వెబ్‌సైటు కావాలా?"

"ఒక మనిషిని అలా ఎలా అడుగుతారు హిలరీ?"

నిజమే, వాళ్ల ఊళ్ల వైపు అడగరు. ఒకరి మోకాలి ఆపరేషను గురించి అడగచ్చు. కడుపులో గ్యాసు గురించి అడగచ్చు. కూతురి రెండో విడాకులు ఎంతవరకు వచ్చాయో కూడా అడగచ్చు. డబ్బు గురించి మాత్రం కన్నకొడుకుని కూడా అడగరు. రైల్లో ఎదురు సీటు మనిషిని జీతమెంత, ఇల్లు ఎంతకు కొన్నారు అని గంటలోపే అడిగేసే జనం లోకంలో ఉన్నారని డెస్మండ్ ఎక్కడో విన్నాడు గానీ, అంత ధైర్యం మనుషులకి ఉంటుందంటే నమ్మలేదు.

పోనీ తప్పించుకు తిరుగుదామంటే అదీ కుదరదు. ఊళ్లో గంటలు మోగించే జట్టులో ఇద్దరూ ఉన్నారు. మంగళవారం సాయంత్రం సాధన, ఆదివారం పొద్దున మోత. ఒక్కో గంటకి ఒక్కో తాడు, మొత్తం ఆరు తాళ్లు, గుండ్రంగా నిలబడ్డ ఆరుగురు మనుషులు. గంట పైనెక్కడో గోపురంలో ఉంటుంది, కనపడదు. ఎప్పుడు లాగాలో తెలియాలంటే తన ముందు మోగించేవాడి చేతులు చూస్తూ ఉండాలి. సిరిల్‌ది రెండో గంట, డెస్మండ్‌ది మూడోది. అంటే వారం వారం, గంటన్నరసేపు, కళ్లు పక్కకి తిప్పకుండా డెస్మండ్ చూడాల్సింది సిరిల్ ప్లంబ్లీ చేతుల్నే.

ఆ చేతుల్లో అతనికి కనపడనిది లేదు. చొక్కా మణికట్టు దగ్గర పీచులు లేచాయి. కోటు మోచేతులకి తోలు అతుకులు పడ్డాయి. వెబ్‌సైటు మునిగిన వేసవిలోనే సిరిల్ తన కారు అమ్మేశాడు. ఏటా ఫిబ్రవరిలో చలి తప్పించుకోవడానికి మడీరా దీవికి వెళ్లొచ్చేవాడు, అదీ మానేశాడు. చలికాలమంతా లైబ్రరీలో కూర్చుంటున్నాడట. ఇంట్లో హీటరు వేసుకునే స్థోమత కూడా లేదన్నమాట అనుకున్నాడు డెస్మండ్. అనుకుని, తోటలో పండిన లావుపాటి ఉల్లికాడలు, లీక్స్, సగం సిరిల్ గుమ్మంలో పెట్టాడు. బంగాళాదుంపలు బస్తాలెత్తి ఇచ్చాడు. నిచ్చెనెక్కి సిరిల్ ఇంటి చూరు గొట్టాల్లో ఆకులు తీశాడు. మంగళవారాలు సాధన అయ్యాక పబ్బులో ఇద్దరి బీరుకీ తనే డబ్బులిచ్చాడు. సిరిల్ ఏదీ వద్దనలేదు. ఒక్కసారి మొహమాటానికైనా అనలేదు. గతిలేనివాడు కాబట్టే వద్దనలేకపోతున్నాడని డెస్మండ్ ఇంకా కుంగిపోయేవాడు.

అక్టోబరులో కబురొచ్చింది. మార్గరీటా రోజ్‌ని అమ్మేస్తున్నారు. కొనదలచినవాళ్లు శనివారం పొద్దున పడవల షెడ్డుకి వచ్చి చూసుకోవచ్చు, అప్పిచ్చినవాళ్లు కూడా రావచ్చు.

"వెళ్లు," అంది హిలరీ. "మన వంటిల్లు ఎలా ఉంటుందో నేను ఎలాగూ చూడలేదు, నువ్వైనా చూసిరా."

"నువ్వు రావా?"

"వస్తే ఆ పడవని తన్నాలనిపిస్తుంది. నా కాలికి ఈ మధ్యే ఆపరేషనైంది." చీజు సాండ్‌విచ్‌లు కట్టి చేతికిచ్చింది. "చూసి, తిట్టుకుని, అక్కడే వదిలేసి రా. ఇంటికి తేకు."

షెడ్డు వాగు మలుపు దగ్గర ఉంది. నీళ్లు తీసిపోయి ఒండ్రు బురద బయటపడింది. పడవ ఒడ్డున దుంగల ఆసరాతో నిలబడి ఉంది. ఫొటోలో పెళ్లికూతురులా కనపడ్డ పడవ, ఇక్కడ చూస్తే రంగు పొరలు పొరలుగా లేచి, కిటికీ అద్దం స్థానంలో అట్టముక్క పెట్టుకుని ఉంది. ఇత్తడి పలకని ఎవరో అప్పటికే ఊడబెరికి తీసుకుపోయారు. పడవ ముందు ఓ పదిమంది ఉన్నారు, అందరూ డెస్మండ్ ఈడువాళ్లే, అందరివీ వాన కోట్లే, అందరి చేతుల్లో ఫ్లాస్కులే. నిలబడమని ఎవరూ చెప్పకపోయినా వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే ముందుకెళ్లి, పడవ చుట్టూ తిరిగి, వెనక్కొచ్చి తర్వాతివాళ్లకి దారి ఇస్తున్నారు. చచ్చినవాళ్లింటికి వచ్చినట్టుంది.

డెస్మండ్ ముందున్న పెద్దావిడ పచ్చ టోపీ సర్దుకుంటూ, "కొంచెం నిరాశగానే ఉంది, కదండీ," అంది.

"కొంచెం," అన్నాడు డెస్మండ్.

ఆవిడకి ఎంత పోయిందో అతనడగలేదు. అతనికి ఎంత పోయిందో ఆవిడా అడగలేదు. ఇద్దరూ బురదలో నడుస్తున్న కొంగని చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు పడవ అవతలి పక్కనుంచి ఒక గొడుగు కనపడింది. దాని వెనకే తోలు అతుకుల కోటు. సిరిల్ ప్లంబ్లీ వంగి, పడవ అడుగు పలకల్ని మొహం ఆనించినంత దగ్గరగా చూస్తున్నాడు.

డెస్మండ్‌కి రెండేళ్లుగా అనుమానం మాత్రమే ఉంది. ఇప్పుడిక అనుమానం కూడా లేదు. ఈ పడవ మీద డబ్బు పోనివాడు శనివారం పొద్దున బస్సెక్కి ఈ బురదలోకి ఎందుకొస్తాడు? ఇంత పెద్ద సైటులో ఇన్ని వస్తువులుంటే పోయి పోయి ఇదే పడవ మీద పెట్టాడన్నమాట. ఎందుకు పెట్టడు, ఆ రోజు గంటల గదిలో డన్‌కర్క్ కథ చెప్పింది ఎవరు? వెనక్కి తిరిగి కారెక్కి వెళ్లిపోదామనుకున్నాడు. వరసలోంచి పక్కకి కూడా జరిగాడు. ఈలోగా సిరిల్ నడుం ఎత్తాడు. చూశాడు.

"ఏమబ్బాయ్," అన్నాడు సిరిల్.

"ఏమబ్బాయ్," అన్నాడు డెస్మండ్. ఇద్దరికీ మనవలు పుట్టే వయసు ఎప్పుడో దాటింది గానీ ఆ పిలుపు మారలేదు.

"గాలి తూర్పుకి తిరిగింది."

"తిరిగింది. మధ్యాహ్నానికి వాన పడుతుందేమో."

"పడచ్చు."

"బస్సులో వచ్చావా?"

"ఊఁ. ఊరికే కదా."

ఆ 'ఊరికే' అన్న మాట డెస్మండ్‌ని పొడిచింది. ఉచిత బస్సు తప్ప గతిలేని స్థితికి తెచ్చాను ఈ మనిషిని అనుకున్నాడు. ఇంక ఆగలేకపోయాడు. చలికాలంలో సముద్రంలో దూకేవాళ్లు కళ్లు మూసుకుని దూకినట్టు ఒక్కసారిగా అనేశాడు.

"సిరిల్, నీకు ఎంత పోయింది?"

వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారే తలలు వాగు వైపు తిప్పుకున్నారు. పచ్చ టోపీ ఆవిడైతే ఫ్లాస్కు మూత తీయడంలో మునిగిపోయింది.

సిరిల్ మొహంలో ఏమీ కదల్లేదు. అతనిది ఎప్పుడూ అంతే. ఉద్యోగమంతా డ్రైవింగు పరీక్షలు పెట్టే అధికారిగా చేశాడు. పక్క సీట్లో కూర్చుని, నడిపేవాడు కారుని తిన్నగా గుంటలోకి తీసుకెళ్తున్నా మొహం మారకుండా కాగితం మీద గీత గీసుకోవడం అలవాటైన మనిషి.

"నాకా?" అన్నాడు.

"నీకే. నేనే కదా చెప్పి చేర్పించాను. నాకు యాభై పౌండ్లు కూడా ఇచ్చారు, తెలుసా? నీ నెత్తిన చెయ్యి పెట్టినందుకు బహుమతి. చర్చిలో వేసేశాలే. కారు అమ్ముకున్నావు. మడీరా మానేశావు. ఆ కోటు చూస్తుంటే నాకు తిండి సయించట్లేదు. లైబ్రరీలో చలి కాచుకుంటున్నావని విన్నాను. రెండేళ్ల నుంచి ప్రతి మంగళవారం నీ చేతులు చూస్తూ గంట కొడుతున్నాను, తప్పు కొట్టకుండా ఎలా కొడుతున్నానో నాకే తెలీదు. ఎంత పోయిందో చెప్పు. తీర్చలేను, నా దగ్గరా లేదు. కానీ తెలియాలి నాకు."

సిరిల్ గొడుగు మరో చేతికి మార్చుకున్నాడు.

"కారు అమ్మింది బస్సు పాసొచ్చిందని," అన్నాడు. "ఉచితంగా తిప్పుతుంటే పెట్రోలెందుకు పోయాలి?"

"మరి మడీరా?"

"మా అక్క తీసుకెళ్లేది, ఖర్చు ఆవిడదే. కిందటేడు ఎవరో వెల్ష్ ఆయన్ని పెళ్లి చేసుకుంది. ఇప్పుడాయన్ని తీసుకెళ్తోంది."

"లైబ్రరీ?"

"అక్కడ హీటరు వాళ్లది."

"ఈ కోటు?"

సిరిల్ మోచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "కోటుకేమైంది? ఇంకా పదేళ్లొస్తుంది."

డెస్మండ్ ఆ మోచేతి అతుకుని మళ్లీ చూశాడు. ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి. ఒక్క నాణెం చేతిలోంచి జారాలంటే వేళ్లు విరగ్గొట్టాల్సిన పిసినారి అని ఊరంతా తెలుసు, డెస్మండ్‌కి అందరికంటే ముందు తెలుసు. తన మనసులో తప్పు పెట్టుకుని చూసేసరికి ఆ పిసినారితనమంతా పేదరికంగా కనపడింది.

"మరి పోయింది ఎంత?" అన్నాడు డెస్మండ్.

"ఏమీ పోలేదు."

"ఏమీ?"

"ఒక్క పెన్నీ పోలేదబ్బాయ్. పైగా వడ్డీ కొంచెం వచ్చింది."

డెస్మండ్ పక్కనే బోర్లించి ఉన్న చిన్న పడవ మీద కూలబడ్డాడు. రెండేళ్లుగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. గాలి బాగుంది. బురద వాసన కూడా బాగుంది. ఆ కొంగ ఎంత చక్కగా నడుస్తోందో అప్పుడు చూశాడు. తన పద్ధెనిమిది వేలు పోయాయి, పోనీ, తనవే కదా, తన చేతులారా పెట్టుకున్నవి. ఇంకొకడి కొంప ముంచలేదు తను. అంత ఆనందం అతనికి ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కలగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"అమ్మయ్య," అన్నాడు. మళ్లీ ఇంకోసారి, "అమ్మయ్య," అన్నాడు. "ఆ లీక్స్ మాత్రం వెనక్కిచ్చెయ్యి దొంగసన్నాసీ."

సిరిల్ నవ్వలేదు. గొడుగు కొనతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఒక అడుగు వేసి, మళ్లీ వచ్చి డెస్మండ్ పక్కన కూర్చున్నాడు.

"నేనెందుకొచ్చానో అడగవేం?" అన్నాడు.

"ఎందుకొచ్చావు?"

"అదిగో, ఆ మూడో పలక దగ్గర ఒక కన్నం ఉంది. ఇంకా ఉందో లేదో చూద్దామని."

డెస్మండ్ చూశాడు. పడవ పొట్ట కింద, చూపుడువేలు దూరేంత కన్నం.

"ఆ కన్నం నాదే," అన్నాడు సిరిల్. "డబ్బు పెట్టాక నిద్రపట్టలేదు. కళ్లతో చూడకుండా నేను ఉల్లిపాయ కూడా కొనను, నీకు తెలుసుగా. బస్సెక్కి వచ్చాను. చుట్టూ తిరిగాను. అలసటొచ్చి ఈ గొడుగు ఆనించి నిలబడ్డాను. గొడుగు లోపలికి దిగిపోయింది. కేకులో దిగినట్టు దిగింది. అప్పుడే ఇంటికెళ్లి, నా వాటా ఆ సైటులోనే అమ్మకానికి పెట్టేశాను."

"ఎప్పుడు ఇది?"

"సైటు మునగడానికి నాలుగు నెలల ముందు."

నాలుగు నెలలు. డెస్మండ్ మెల్లగా లెక్క వేసుకున్నాడు. ఆ నాలుగు నెలల్లో ఎన్ని మంగళవారాలు వచ్చాయి, ఎన్నిసార్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని బీరు తాగారు. ఒక్క మాట అని ఉంటే తనూ తన వాటాలు అమ్ముకుని బయటపడేవాడు. హిలరీ వంటింట్లో తాడు కట్టిన తలుపు ఉండేది కాదు.

"నాకు చెప్పలేదేం?" అన్నాడు.

"నువ్వు అడగలేదు కదా."

"అడక్కపోతే చెప్పవా? గుంటలో పడుతున్నవాడు ముందు తనే అడగాలా?"

"ముప్ఫై ఏళ్లు అదే ఉద్యోగం చేశాను డెస్. చెప్పకూడదు. చూస్తూ కూర్చోవాలి. చెబితే రూలు తప్పినట్టు." సిరిల్ గొడుగుతో గీస్తున్న గీత సగంలో ఆపాడు. "అదీ కాక, డబ్బు నీది. ఒక మనిషి డబ్బు గురించి మనం ఎలా మాట్లాడతాం? నీకు తెలిసే పెట్టావేమో అనుకున్నాను. మునిగాక మాత్రం ఏమని చెప్పను, నాది నేను ముందే తీసేసుకున్నానని డప్పు కొట్టుకోనా? నువ్వేమో ఆ పాడు బంగాళాదుంపలు తెచ్చి గుమ్మంలో పెడతావు. నీకన్నీ తెలిసి, నన్ను ఎత్తిపొడవడానికే తెస్తున్నావనుకున్నాను. అందుకే వద్దనలేదు. శిక్ష అనుకుని తిన్నాను."

డెస్మండ్‌కి కోపం వచ్చింది. రావలసినంతా వచ్చింది. లేచి నిలబడ్డాడు, గొడుగు లాక్కుని నాలుగు తగిలిద్దామనిపించింది. కానీ కోపం వచ్చిన చోట అప్పటికే ఆ పెద్ద ఉపశమనం కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది, జరగలేదు. ముంచినవాడిగా రెండేళ్లు బతికిన మనిషికి, తను మునిగినవాడు మాత్రమేనని తెలియడం అంత సుఖం ఇంకోటి లేదు. మళ్లీ కూర్చున్నాడు.

"పోన్లే," అన్నాడు. "ఇంతకీ నీ వాటా ఎవరైనా కొన్నారా, ఆ పుచ్చు పడవ మీద?"

"గంట తిరక్కుండా ఎవడో కొనేశాడు. నాలుగు వేల రెండొందలు. గుడ్‌ఫ్రైడే సాయంత్రం. పాపం ఎవడో వెర్రివాడు అనుకున్నాను."

డెస్మండ్ సాండ్‌విచ్ పొట్లం విప్పబోతూ ఆగిపోయాడు. గుడ్‌ఫ్రైడే సాయంత్రం. ఒక చేత్తో వెన్న రాసిన బన్ను, ఒక చేత్తో కంప్యూటరు. తెరమీద ఎవరో తమ వాటా అమ్ముతున్నట్టు కనపడింది, నాలుగు వేల రెండొందలు. డన్‌కర్క్ పడవని వదులుకుంటున్నాడు, పాపం ఎవడో వెర్రివాడు అనుకుని, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని బన్ను కూడా కింద పెట్టకుండా కొనేశాడు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆ వైపు మర్యాద తెలిసిన మనిషెవరైనా ఊరుకునేవాడు. తనూ నిన్నటిదాకా ఊరుకునేవాడే.

"ఆ వెర్రివాణ్ణి నేనే సిరిల్," అన్నాడు.

సిరిల్ మొహంలో ముప్ఫై ఏళ్లుగా కదలనిది కదిలింది. చెవులు ఎర్రబడ్డాయి. డెస్మండ్‌కి ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా నవ్వొచ్చింది. పోయిన పద్ధెనిమిది వేలల్లో నాలుగు వేల రెండొందలు ఎక్కడున్నాయో ఇవాళ తెలిసింది. స్పెయిన్‌లో లేవు. ఫీజుల్లో పోలేదు. రెండేళ్లుగా తన ముందు గంట కొట్టేవాడి జేబులోనే భద్రంగా ఉన్నాయి.

"ఇచ్చేస్తాను," అన్నాడు సిరిల్. ఆ మాట అతని నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో చూస్తేనే జాలేసింది.

"వద్దులే."

"ఇచ్చేస్తానంటున్నాను కదా."

"వద్దంటున్నాను కదా. నువ్వు అమ్మావు, నేను కొన్నాను. అందులో నీ తప్పేం లేదు."

పచ్చ టోపీ ఆవిడ వచ్చి, ఇద్దరి మధ్యా ఒక కప్పు టీ పెట్టి, ఏమీ వినలేదన్నట్టు వెళ్లిపోయింది. డెస్మండ్ ఫోను తీసి ఇంటికి కలిపాడు.

"హిలరీ, సిరిల్‌కి ఏమీ పోలేదు."

అవతల ఆమె ఊపిరి వినపడింది. "హమ్మయ్య," అంది. "నీకు కాదు, నాకు. రెండేళ్ల నుంచి ముగ్గురం పడుకుంటున్నాం ఆ మంచం మీద. ఇక సిరిల్‌ని లేచి వాళ్లింటికి వెళ్లమను."

అతను మిగతాదంతా చెప్పాడు. గొడుగు, కన్నం, గుడ్‌ఫ్రైడే. సిరిల్ ఇస్తానన్నాడని, తను వద్దన్నానని కూడా చెప్పాడు.

"ఏమన్నావూ?"

"వద్దన్నాను."

"ఫోను అతనికియ్యి."

"హిలరీ, అలా అడగడం బాగుండదు..."

"అడక్కుండా మీ ఇద్దరూ ఏం బాగుపడ్డారో చూశాను. ఇయ్యి అతనికి."

సిరిల్ ఫోనుని చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు. అయినా ఆ గొంతు బురద దాటి వినపడుతోంది. "ఊఁ," అన్నాడు. "ఊఁ. అవును హిలరీ. తప్పే. చెప్పాల్సింది. ఊఁ. సోమవారం. అలాగే." ఫోను జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు.

"ఏమంది?"

"సగం ఇమ్మంది. కొన్నందుకు నీ మీద సగం, చెప్పనందుకు నా మీద సగం అంది. సోమవారం వచ్చి అల్మారాలు కొలవమంది, నా దగ్గర మంచి టేపు ఉందని తెలుసట."

"ఇస్తానన్నావా?"

"అన్నాను."

సిరిల్ పడవ వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని భుజాలు కిందికి దిగాయి. అవి ఎంత పైకి బిగుసుకుని ఉండేవో, వారం వారం చూస్తూ కూడా డెస్మండ్ గమనించలేదు. ఒకరి తర్వాత ఒకరు వరసలోవాళ్లు కార్ల వైపు వెళ్లిపోతున్నారు. సిరిల్ టీ కప్పు తీసుకుని ఒక గుక్క తాగి డెస్మండ్‌కి అందించాడు.

"సగమే ఎందుకడిగిందబ్బాయ్?" అన్నాడు. "చెప్పనివాణ్ణి నేనే, అంతా అడగచ్చు కదా."

"నాకేం తెలుసు. నువ్వే అడుగు."

సిరిల్ చెయ్యి చాపాడు.

"ఫోను మళ్లీ కలుపు," అన్నాడు.